టిమ్స్, పిసా, అసర్, పరఖ్: మీ ప్రశ్నకు జవాబు ఏ సర్వేలో ఉంది?

లెక్కల్లో సింగపూర్‌కు మొదటి స్థానం, అమెరికా స్కోరు తగ్గింది, ఫిన్లాండ్ వెనకబడింది. ఇలాంటి వార్తలు కొన్నేళ్లకోసారి మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. చదివిన తల్లిదండ్రులకైనా టీచర్లకైనా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: మరి మన పిల్లలు ఎక్కడున్నారు?

ఆ ప్రశ్నకు జవాబు వెతికే ముందు ఆ వార్త ఏ సర్వే గురించో చూడాలి. గణితం, సైన్సుల్లో పిల్లల స్థాయిని కొలిచే పెద్ద అంతర్జాతీయ సర్వేలు రెండున్నాయి, టిమ్స్, పిసా. మన దేశంలో అసర్ ఉంది, పరఖ్ సర్వే ఉంది. నాలుగూ పిల్లలకు ప్రశ్నలిస్తాయి, నాలుగూ అంకెలు ప్రకటిస్తాయి. కానీ నాలుగూ కొలిచేది ఒకటి కాదు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనం వీటిలో కూడా ముందు ర్యాంకునే వెతుకుతాం. నా ఉద్దేశంలో ఈ సర్వేలన్నిటిలో తక్కువ పనికొచ్చేది ఆ ర్యాంకే. మీకు తెలుసుకోవాల్సింది ఏమిటో ముందు తేల్చుకుంటే, ఏ సర్వే తెరవాలో దాదాపు దానంతటదే తేలుతుంది.

ముందు ఒక అపోహ

"మా బాబును పిసా రాయించాలంటే ఎక్కడ అప్లై చేయాలి?" అని అడిగేవాళ్లున్నారు. పేరులో "అంతర్జాతీయ" అని ఉన్న ఒలింపియాడ్ పరీక్షలకు స్కూళ్లలో ఫీజు కట్టి రాయించడం అలవాటు కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుంటారు. కాదు. టిమ్స్‌కైనా పిసాకైనా పిల్లలు దరఖాస్తు చేసుకోరు. దేశమో రాష్ట్రమో చేరితే, ముందు కొన్ని స్కూళ్లను, ఆ స్కూళ్లలో కొందరు పిల్లలను లాటరీ పద్ధతిలో ఎంచుకుంటారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటాం కదా, అలా.

ఇంకో సంగతి. సర్వేలో ఉన్న ప్రశ్నలన్నీ ఏ ఒక్క పిల్లవాడికీ ఇవ్వరు. ప్రశ్నలను రకరకాల సెట్లుగా విడగొట్టి ఒక్కొక్కరికి కొంత భాగమే ఇస్తారు. అందరి జవాబులను కలిపి గణాంక పద్ధతుల్లో దేశం మొత్తం స్థాయిని అంచనా వేస్తారు. అందుకే ఏ పిల్లవాడికీ "నీకు పిసాలో ఇన్ని మార్కులు" అని కాగితం ఇవ్వరు, ఇవ్వలేరు కూడా. పిల్లలకు టెన్షన్ లేదు, పాస్ ఫెయిల్ లేదు. ఇక్కడ పరీక్ష పెట్టేది పిల్లవాడికి కాదు, వాడికి చదువు చెప్పిన వ్యవస్థకు.

టిమ్స్: చెప్పిన పాఠం ఎంత వచ్చింది?

టిమ్స్‌ను నడిపేది ఐఈఏ అనే అంతర్జాతీయ సంఘం. దాని కేంద్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. పరీక్ష తయారీ పని అమెరికాలోని బోస్టన్ కాలేజీలో జరుగుతుంది. 1995లో మొదలై ప్రతి నాలుగేళ్లకోసారి జరుగుతోంది. చివరిగా వెలువడిన ఫలితాలు 2023 పరీక్షవి, 2024 డిసెంబర్‌లో వచ్చాయి. 60కి పైగా దేశాలు పాల్గొంటాయి.

టిమ్స్ పట్టుకునేది వయసును కాదు, తరగతిని. 4వ తరగతి, 8వ తరగతి. పరీక్ష తయారుచేసేటప్పుడు పాల్గొనే దేశాల సిలబస్‌లను దగ్గర పెట్టుకుంటారు. 8వ తరగతి గణితంలో సంఖ్యలు 30 శాతం, బీజగణితం 30, రేఖాగణితం 20, దత్తాంశాలు, సంభావ్యత 20. 4వ తరగతిలో సగం సంఖ్యలకే పోతుంది. సైన్సులో 8వ తరగతికి జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, భూమికి సంబంధించిన అంశాలు ఉంటాయి. మన హైస్కూల్ టీచరు ఈ పట్టిక చూస్తే కొత్తగా ఏమీ అనిపించదు, తను చెప్పే పాఠాలే.

అలాగని బట్టీ పరీక్ష కాదు. 8వ తరగతి గణితంలో నేరుగా తెలిసిన విషయాన్ని అడిగేవి 35 శాతం, తెలిసినదాన్ని వాడాల్సినవి 40 శాతం, తర్కంతో ఆలోచించాల్సినవి 25 శాతం. ఉదాహరణకు ఇలాంటి ప్రశ్న ఊహించుకోండి: ఒక దీర్ఘచతురస్రం పొడవు దాని వెడల్పుకు రెండింతలు, చుట్టుకొలత 36 సెంటీమీటర్లు, అయితే వైశాల్యం ఎంత? సూత్రాలు వస్తే సరిపోదు, వెడల్పు 6 అని ముందు పట్టుకోవాలి. అయినా ఇది పాఠ్యపుస్తకానికి దగ్గరగా ఉన్న ప్రశ్నే.

టిమ్స్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది దాని నమూనా పద్ధతి. ఎంచుకున్న స్కూల్లో ఒకటో రెండో సెక్షన్లను మొత్తంగా తీసుకుంటారు. అంటే ఒకే టీచరు దగ్గర ఒకే గదిలో కూర్చున్న పిల్లలందరూ రాస్తారు. ఆ టీచరు కూడా ఒక ప్రశ్నావళి నింపుతారు: ఏ అంశాలు ఇప్పటికే చెప్పారు, ప్రయోగాలు ఎంత తరచుగా చేయిస్తారు, హోంవర్క్ ఎంత ఇస్తారు, వాళ్ల చదువు ఏమిటి, శిక్షణ ఏమిటి. దాంతో సిలబస్‌లో రాసుకున్నది, క్లాసులో నిజంగా చెప్పినది, పిల్లలకు చివరికి వచ్చినది అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పిల్లలకు భిన్నాలు రాలేదంటే, అసలు భిన్నాలు చెప్పనే లేదా, చెప్పినా రాలేదా అన్నది విడదీసి చూసే వీలు టిమ్స్‌లో ఉంది. మన దగ్గర "సిలబస్ పూర్తయింది" అన్న మాటకు ఎంత బరువు ఇస్తామో తెలిసినవాళ్లకు ఈ వీలు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

పిసా: పదిహేనేళ్లకు ఏం చేయగలరు?

పిసాను నడిపేది పారిస్ కేంద్రంగా పనిచేసే ఓఈసీడీ. 38 సభ్యదేశాల ఆర్థిక సహకార సంస్థ అది. దాని ఆసక్తి పాఠం మీద కంటే, ఆ పాఠంతో పిల్లవాడు రేపు బయట ప్రపంచంలో ఏం చేయగలడన్న దాని మీద. 2000లో మొదలై మూడేళ్లకోసారి జరిగింది. 2021లో జరగాల్సింది కోవిడ్ వల్ల 2022కు వాయిదా పడింది. 2025 తర్వాత నాలుగేళ్లకోసారి జరపాలని నిర్ణయించారు. ప్రతిసారీ చదవడం, గణితం, సైన్సు మూడూ ఉంటాయి గానీ ఒక్కోసారి ఒక్కోదానికి ఎక్కువ చోటిస్తారు. 2022లో గణితానికి, 2025లో సైన్సుకు.

పిసా తరగతిని చూడదు, వయసును చూస్తుంది. 15 ఏళ్ల 3 నెలల నుంచి 16 ఏళ్ల 2 నెలల మధ్య ఉండి, 7వ తరగతి గానీ అంతకంటే పైన గానీ చదువుతున్న పిల్లలు. మన రాష్ట్రాల్లో ఆ వయసు పిల్లలు ఎక్కడుంటారు? చాలామంది పదో తరగతిలో, కొందరు తొమ్మిదిలో, కొందరు ఇంటర్ ఫస్టియర్‌లో. అంటే మన దగ్గర పిసా పెట్టాలంటే హైస్కూళ్లకే కాదు, జూనియర్ కాలేజీలకూ వెళ్లాలి. రోజంతా జేఈఈ మెటీరియల్‌తో కూర్చున్న పిల్లవాడూ, పల్లెలో పదో తరగతి రెండోసారి చదువుతున్న అమ్మాయీ ఒకే నమూనాలో వస్తారు.

ప్రశ్నల తీరు వేరు. పిసా తరహాలో నేనొకటి రాస్తాను. ఒక ఫోన్ కంపెనీ రీఛార్జ్ 28 రోజులకు 299 రూపాయలు, 84 రోజులకు 799 అనుకుందాం. "రెండోదే ఎప్పుడూ లాభం" అంటుంది లక్ష్మి. ఆమె మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు? రోజువారీ ఖర్చు లెక్కేస్తే రెండోదే చవక. కానీ 50 రోజులకే ఫోన్ కావాల్సినవాళ్లకు మొదటిదాన్ని రెండుసార్లు వేయించుకుంటే 598తో పనైపోతుంది. ఇందులో ఉన్న గణితం ఆరో తరగతిది. కష్టమంతా ఎక్కడ భాగించాలో, ఎక్కడ గుణించాలో, ఏది పోల్చాలో తనంతట తాను నిర్ణయించుకోవడంలో ఉంది. సైన్సు కూడా అంతే. రెండు పొలాల్లో వేరువేరు ఎరువులు వేసి దిగుబడి పట్టిక ఇచ్చి, "ఈ ఎరువే మంచిదని రైతు అంటున్నాడు, ఆ మాట నమ్మడానికి ఇంకా ఏ సమాచారం కావాలి?" అన్న తీరులో అడుగుతారు. నేల ఒకటేనా, నీళ్లు సమానంగా పెట్టారా అని పిల్లవాడు తిరిగి ప్రశ్నించాలి.

పిసాలో స్కూలుకు 42 మంది వరకు పిల్లలను వేరువేరు సెక్షన్ల నుంచి లాటరీ తీసినట్టు తీస్తారు. కాబట్టి ఫలానా టీచరు బోధనకూ ఫలానా ఫలితానికీ ముడి వేయడం దాదాపు కుదరదు. పిసా బలం ఇంకోచోట ఉంది. ఇంటి ఆర్థిక స్థితి పిల్లవాడి చదువును ఎంత నిర్ణయిస్తోందో, పేద పిల్లల్లో ఎంతమంది పైస్థాయికి చేరుతున్నారో అది లోతుగా చూస్తుంది. స్థాయిలను కూడా స్పష్టంగా విభజిస్తుంది. రెండో స్థాయి అందుకోని పిల్లవాడికి నిత్యజీవితంలో గణితం వాడుకోవడం కష్టమని లెక్క. 2022లో సింగపూర్ పిల్లల్లో 41 శాతం గణితంలో ఐదు, ఆరు స్థాయిలకు, అంటే అన్నిటికంటే పై స్థాయిలకు చేరారు. ఓఈసీడీ దేశాల సగటు 9 శాతం. అదే ఓఈసీడీ దేశాల్లో 31 శాతం పిల్లలు రెండో స్థాయికి కూడా చేరలేదు. ధనిక దేశాల్లో సైతం ప్రతి పదిమందిలో ముగ్గురు అలా ఉన్నారన్నది ర్యాంకుల వార్తలో కనిపించని విషయం.

ఒకే పిల్లలు, రెండు ఫలితాలు

ఈ రెండు సర్వేలూ ఒకే సంగతి చెప్తాయని అనుకునేవాళ్ల కోసం ఒక ఉదాహరణ. 2011 టిమ్స్‌లో 8వ తరగతి గణితంలో రష్యాకు 539 వచ్చింది, ఫిన్లాండ్‌కు 514. మరుసటి ఏడాది, 2012 పిసా గణితంలో ఫిన్లాండ్‌కు 519, రష్యాకు 482. దాదాపు అదే తరం పిల్లలు, ఏడాది తేడా, అయినా వరుస తిరగబడింది. బీజగణితం, రేఖాగణితం గట్టిగా నేర్పే సంప్రదాయం రష్యాది. ఆ బలం టిమ్స్‌లో బయటపడింది. సందర్భాన్ని చదివి, అందులోంచి లెక్కను బయటకు తీసే పనిలో ఫిన్లాండ్ పిల్లలు ముందున్నారు. ఏ దేశం చదువు మంచిది అంటే, ఏ పనికి అని ఎదురు అడగాల్సిందే.

ఫిన్లాండ్ గురించి ఇంకొక మాట. మన దగ్గర విద్యా సదస్సుల్లో ఫిన్లాండ్ పేరు వినబడని రోజు తక్కువ. ఆ పేరు వచ్చింది 2000 నుంచి 2006 వరకు పిసాలో చూపిన ఫలితాల వల్ల. 2006లో గణితంలో 548 తెచ్చుకున్న దేశం 2022లో 484 దగ్గర ఉంది. అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది లేదని కాదు. 2006 నాటి అంకెను ఇవాళ్టిదన్నట్టు చెప్పడం మాత్రం ఆపాలి.

రెండు సర్వేల అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టకూడదు కూడా. రెండింటిలోనూ 500 చుట్టూ అంకెలు తిరుగుతాయి కాబట్టి ఒకే కొలబద్ద అనిపిస్తుంది. టిమ్స్‌లో 500 అనేది 1995లో పాల్గొన్న దేశాలను బట్టి పెట్టిన మధ్యబిందువు. పిసా గణితంలో 2003 నాటి ఓఈసీడీ దేశాల సగటును బట్టి పెట్టినది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2011 టిమ్స్ 8వ తరగతి గణితంలో 561, 2012 పిసాలో 514 తెచ్చుకుంది. ఏడాదిలో 47 పాయింట్లు పడిపోయిందని ఎవరైనా రాస్తే అది తప్పు.

మన దేశం ఎక్కడుంది?

టిమ్స్‌లో భారత్ ఇంతవరకు పాల్గొనలేదు. దానికి ముందుతరం సర్వేల్లో, 1970-71లో జరిగిన మొదటి అంతర్జాతీయ సైన్సు సర్వేలో మాత్రం మన దేశం ఉంది. 2005లో రాజస్థాన్, ఒడిశాల్లో 9వ తరగతి పిల్లలకు టిమ్స్ ప్రశ్నలిచ్చి చూసిన పరిశోధన ఒకటి జరిగింది. సగటు చాలా కింద, అతి పైన ఉన్న కొద్దిమంది మాత్రం ప్రపంచ స్థాయిలో. ఆ రెంటి మధ్య దూరమే ఆ పరిశోధన చూపిన అసలు సంగతి. ఏటా మన రాష్ట్రాల నుంచి ఐఐటీలకు వెళ్లే పిల్లలను చూసి గర్వపడే మనం ఆ దూరాన్ని మర్చిపోతుంటాం.

పిసాలో 2009 విడతకు కొనసాగింపుగా హిమాచల్ ప్రదేశ్, తమిళనాడు పాల్గొన్నాయి. గణితంలో తమిళనాడుకు 351, హిమాచల్‌కు 338. మొత్తం జాబితాలో వీటి కింద ఉన్నది కిర్గిజ్‌స్తాన్ ఒక్కటే. ప్రశ్నలు మన పిల్లల జీవితానికి దూరంగా ఉన్నాయన్న అభ్యంతరంతో ఆ తర్వాత మన దేశం పక్కకు తప్పుకుంది. 2019లో కేంద్రం మళ్లీ ఓఈసీడీతో ఒప్పందం చేసుకుంది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, చండీగఢ్ స్కూళ్లతో పాల్గొనాలని అనుకున్నారు. 2022 పరీక్షకు చివరికి వెళ్లలేదు.

ఆ అభ్యంతరంలో కొంత నిజముంది. చూడని వస్తువు గురించి అడిగితే పిల్లవాడు తడబడతాడు. కానీ అంత పెద్ద తేడాకు అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే పూర్తిగా మన ప్రశ్నలతో, మన భాషల్లో, మన పిల్లల ఇళ్ల దగ్గరే జరిగే అసర్ కూడా తీపి కబురేమీ చెప్పడం లేదు. 2024 అసర్ ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 5వ తరగతిలో సుమారు 31 శాతం, 8వ తరగతిలో సుమారు 46 శాతం. ఎనిమిదిలో ఉన్న సగానికి పైగా పిల్లలకు భాగహారం రాకపోతే, టిమ్స్ బీజగణితమూ పిసా రీఛార్జ్ ప్లానూ రెండూ వాళ్లకు అందవు.

హిమాచల్ విషయం ఇంకా ఆలోచింపజేస్తుంది. పిసా గణితంలో చివరి నుంచి రెండో స్థానంలో నిలిచిన ఆ రాష్ట్రం అసర్‌లో చాలా ఏళ్లుగా దేశంలో ముందు వరుసలోనే ఉంది. మన కొలబద్దలో ముందున్నా పెద్ద కొలబద్దలో అలా కనిపించింది. రెండూ నిజమే.

అసర్, పరఖ్ గురించి క్లుప్తంగా

అసర్‌ను ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి నడుపుతోంది. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు ఎంచుకుని, వాలంటీర్లు ఇంటికే వెళ్లి 5 నుంచి 16 ఏళ్ల పిల్లలతో ఒక్కొక్కరిగా చదివించి, తీసివేత, భాగహారం చేయిస్తారు. ఇంటికి వెళ్తారు కాబట్టి బడి మానేసిన పిల్లలూ, ఆ రోజు బడికి రానివాళ్లూ కూడా లెక్కలోకి వస్తారు. టిమ్స్, పిసాల్లో వీళ్లు రారు. లోటేమిటంటే సైన్సు ఉండదు, పట్టణాలు ఉండవు, పునాదికి పైన ఏముందో తెలియదు.

పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ కేంద్ర ప్రభుత్వానిది. ఇంతకుముందు నాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) అని పిలిచేవారు. 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు జరిగింది, దేశమంతటా 21 లక్షలకు పైగా పిల్లలు రాశారు. 9వ తరగతి గణితంలో దేశ సగటు 37 శాతం. దీని ప్రయోజనం జిల్లా స్థాయి ఫలితాలు. ఒక ఎంఈఓకో (మండల విద్యాధికారి), టీచర్లకు శిక్షణనిచ్చే డైట్ కాలేజీ లెక్చరర్‌కో తమ జిల్లాలో ఏ సామర్థ్యం దగ్గర పిల్లలు ఆగిపోతున్నారో ఇందులోనే దొరుకుతుంది. 2017, 2021 నాస్‌లో 3, 5, 8 తరగతులు ఉండేవి కాబట్టి, పాత అంకెలతో పోల్చి పెరిగింది, తగ్గింది అనడం మాత్రం జాగ్రత్తగా చేయాలి.

మరి మీరు దేన్ని చూడాలి?

మీరు గణితం టీచరైతే, సందేహం లేకుండా టిమ్స్. ముఖ్యంగా 2011, అంతకుముందు విడతల్లో వాడి బహిరంగంగా విడుదల చేసిన ప్రశ్నలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి ప్రశ్నకూ ఏ దేశంలో ఎంత శాతం పిల్లలు సరిగ్గా చేశారో కూడా ఇస్తారు. 8వ తరగతికి యూనిట్ టెస్ట్ పెట్టేటప్పుడు అందులోంచి రెండు మూడు ప్రశ్నలు తెలుగులో రాసి కలపండి. అంతర్జాతీయ సగటుతో మీ క్లాసును పోల్చుకోవాలన్న తొందర వద్దు, మీ సెక్షన్ ఒక చిన్న గుంపు మాత్రమే. పిల్లలు రాసిన తప్పు జవాబులు చూడండి. దీర్ఘచతురస్రం ప్రశ్నకు 324 అని రాసిన పిల్లవాడు 36ను 4తో భాగించి వర్గం చేసుంటే 81 రావాలి కదా, మరి 324 ఎలా వచ్చింది? 36లో సగం 18 తీసుకుని దాన్నే భుజం అనుకుని వర్గం చేశాడన్నమాట. ఇలాంటి చోట్ల దొరికేది ఏ రిపోర్టులోనూ దొరకదు.

సైన్సు టీచరైతే నేను పిసానే ముందు పెడతాను. ఇక్కడ నా సలహా మారడానికి కారణం ఉంది. మన సైన్సు పాఠాల్లో నిర్వచనాలు, పటాలు ఇప్పటికే బాగా జరుగుతున్నాయి. జరగనిది ప్రయోగాన్ని ప్రశ్నించడం, గ్రాఫు చదివి ఇందులోంచి ఇంతవరకే చెప్పగలం అనడం. పిసా సైన్సు విడుదల ప్రశ్నలు సరిగ్గా ఆ పని చేయిస్తాయి. పదో తరగతిలో టైమ్ లేదంటారేమో, అందుకే ఎనిమిదిలోనే మొదలుపెట్టండి.

ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారికి ఇవేవీ వద్దు. అసర్ పరీక్ష సాధనం చాలా చిన్నది, తెలుగులోనే ఉంది. సంవత్సరం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఒక్కో పిల్లవాడితో కూర్చుని చేయిస్తే, ఎవరికి ఏం రాదో పేరుపేరునా తెలుస్తుంది.

పిల్లలతో దుబాయ్‌కో అమెరికాకో వెళ్తున్న తెలుగు కుటుంబాలు ఆ దేశం ర్యాంకు చూసి సంబరపడటమో దిగులుపడటమో చేస్తుంటాయి. దేశం సగటు మీ పిల్లవాడు చేరబోయే బడి గురించి దాదాపు ఏమీ చెప్పదు. 2011 టిమ్స్ 8వ తరగతి గణితంలో అమెరికా సగటు 509. అదే ఏడాది విడిగా పాల్గొన్న మసాచుసెట్స్‌కు 561, అలబామాకు 466. దాదాపు వంద పాయింట్ల తేడా ఒకే దేశంలో. యూఏఈలో దుబాయ్ ఫలితం దేశ సగటు కంటే చాలా పైన ఉంటుంది, అక్కడి ప్రైవేటు స్కూళ్లలో మనవాళ్ల పిల్లలు, బ్రిటిష్ సిలబస్ పిల్లలు ఎక్కువ కావడం అందుకు ఒక కారణం. అమెరికా వెళ్లేవారు ఆ రాష్ట్రం, ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ సొంత పరీక్షల ఫలితాలు చూసుకోవడం మేలు. ఒక ధోరణి మాత్రం గమనించదగ్గది: అమెరికా 8వ తరగతి గణితం 2019లో 515 నుంచి 2023లో 488కి దిగింది. అక్కడి స్కూళ్లు కోవిడ్ కాలపు నష్టాన్ని ఇంకా పూడ్చుకుంటున్నాయని గుర్తుపెట్టుకోండి.

ఎంఈడీ, పీహెచ్‌డీ చేస్తున్నవారికి రెండు అంతర్జాతీయ సర్వేల డేటా ఉచితమే. బోధన మీద పనిచేస్తుంటే టిమ్స్, సామాజిక అసమానత మీద అయితే పిసా. పాల్గొన్న దేశాల్లో సిలబస్ తేడాల మీద అయినా టిమ్సే.

జర్నలిస్టులు ఫలితాలు వచ్చిన రోజు మూడు విషయాలు చూడాలని కోరతాను. రెండు దేశాల మధ్య నాలుగైదు పాయింట్ల తేడా ఉంటే అది నిజంగా తేడా కాకపోవచ్చు, ఎందుకంటే ప్రతి స్కోరూ కొంత అటూఇటూ అయ్యే అవకాశం ఉంటుంది, అదెంతో నివేదికలోనే ఇస్తారు. ఆ వయసు పిల్లల్లో ఎంత భాగం నమూనా పరిధిలోకి వచ్చారో చూడాలి. 2012 పిసా గణితంలో 511 తెచ్చుకుని వియత్నాం అందరినీ ఆశ్చర్యపరిచింది, అది నిజంగా గొప్ప ఫలితమే. కానీ అప్పుడు అక్కడ పదిహేనేళ్ల వయసువారిలో సగానికి కాస్త ఎక్కువమందే ఆ నమూనా పరిధిలో ఉన్నారు. 2018లో చైనా పేరుతో వచ్చిన 591 అంకె బీజింగ్, షాంఘై, జియాంగ్సు, జెజియాంగ్‌లది మాత్రమే, దేశానిది కాదు. టిమ్స్‌లో తరగతి కూడా ఒకసారి సరిచూసుకోవాలి. నార్వే, దక్షిణాఫ్రికా 4, 8కి బదులు 5, 9 తరగతుల పిల్లలతో రాయించాయి.

ర్యాంకు పక్కనే ఉండి ఎవరూ చూడని పేజీలు కొన్నున్నాయి, పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్నవి. 2011 టిమ్స్‌లో 8వ తరగతి గణితంలో 613తో మొదటి స్థానం దక్షిణ కొరియాది. గణితం నేర్చుకోవడం ఇష్టమని చెప్పిన పిల్లలు మాత్రం అక్కడ చాలా తక్కువ. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సుల్లో పిల్లలను కూర్చోబెడుతున్న తల్లిదండ్రులు స్కోరు పట్టికతో పాటు ఆ పట్టిక కూడా చదవాలని నా మనవి.

రాష్ట్రానికి అవకాశం వస్తే

దేశం చేరకపోయినా ప్రాంతాలు చేరవచ్చు. కెనడాలో ఆంటారియో, క్యూబెక్, యూఏఈలో దుబాయ్, అబుదాబి విడిగా టిమ్స్ ఫలితాలు తెచ్చుకున్నాయి. కేంద్రం ఒప్పుకుని ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో ఒక్క సర్వేలో చేరే వీలుంటే ఏది ఎంచుకోవాలి?

పిసాకు పేరు ఎక్కువ. అయినా నేను 4వ తరగతి టిమ్స్ అంటాను. పదిహేనేళ్లకు కొలిస్తే, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసేసరికి ఆ పిల్లవాడు బడి దాటిపోతాడు. నాలుగులో కొలిస్తే ఇంకా ఆరేళ్లు చేతిలో ఉంటాయి. టీచరు ప్రశ్నావళి ఉంది కాబట్టి శిక్షణ ఎక్కడ మార్చాలో చెప్తుంది. నాలుగేళ్ల తర్వాత అదే పిల్లలు 8వ తరగతికి వచ్చినప్పుడు ఆ తరం ఎంత కదిలిందో చూడొచ్చు, ఎందుకంటే టిమ్స్ విడతల మధ్య వ్యవధి కూడా సరిగ్గా నాలుగేళ్లే. పిసాలో ఆ వీలు లేదు.

మొదటిసారి అంకె తక్కువే వస్తుంది. 2019లో 4వ తరగతి గణితంలో పాల్గొన్న పాకిస్తాన్‌కు 328 వచ్చింది, మనకూ గొప్పగా వస్తుందని నేను అనుకోవడం లేదు. అందుకే చేరేముందే రెండు మాటలు కాగితం మీద ఉండాలి. ఒకటి, ఫలితం ఎలా ఉన్నా పూర్తిగా బయటపెడతామని. రెండు, కనీసం మూడు విడతలు వరుసగా కొనసాగుతామని. 2009 విడతలో ఒక్కసారి పిసాకు వెళ్లి వెనక్కి వచ్చేయడం వల్ల హిమాచల్, తమిళనాడుల్లో ఆ తర్వాత ఏం మారిందో అదే కొలబద్ద మీద చూసే దారి లేకుండా పోయింది.